కరకరలాడే ఎండు కూరగాయలు, ఎండు పండ్లు: ప్యాకెట్‌లో ఏముంది? ఎవరు ఎంత తినొచ్చు?

నంద్యాల, ఆళ్లగడ్డ: చిప్స్, మిక్చర్ ప్యాకెట్లు వేలాడే వరుస పక్కనే ఈమధ్య కొత్త సరుకు చేరింది. బెండకాయ చిప్స్, బీట్‌రూట్ చిప్స్, పనస చిప్స్, క్యారెట్, చిలగడదుంప, ఇంకోపక్క ఎండబెట్టిన ఆపిల్, అరటి, మామిడి, స్ట్రాబెర్రీ. ప్యాకెట్ మీద పచ్చటి ఆకుల బొమ్మ, ‘ఆరోగ్యకరం’, ‘నిజమైన కూరగాయలతో’ అనే మాటలు. నంద్యాల సూపర్ మార్కెట్లలో అరలకు అరలు కనిపిస్తున్నాయి, ఆళ్లగడ్డ బస్టాండ్ వైపు కిరాణా కొట్లలో ఒకటీ రెండూ వేలాడుతున్నాయి. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లోనూ చాక్లెట్ల పక్కన ఇవే దిగుతున్నాయి.

కూర ముట్టని పిల్లలు ఈ బెండకాయ చిప్స్ మాత్రం ప్యాకెట్ ఖాళీ చేసేస్తున్నారని తల్లులకు సంతోషం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు బిస్కెట్ల బదులు ఇవి పెడితే మంచిదని కొందరి నమ్మకం. రమజాన్‌లో సమోసా, మిర్చి బజ్జీ మానేసి ఇవి పెట్టుకుందామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవి కూరగాయలకు బదులు అవుతాయా? నూనె తక్కువేనా? షుగర్ వాళ్లు తినొచ్చా? హలాల్ విషయంలో ఏం చూసుకోవాలి? పెట్టిన డబ్బుకు గిట్టుబాటేనా? ఈ ప్రశ్నలు మనసులో పెట్టుకుని కొన్ని రకాలు కొని తిన్నాం, వెనకవైపు చిన్న అక్షరాలు చదివాం. తేలిన సంగతులు ఇవీ.

పాత పనే, కొత్త మెషీన్

కూరగాయను ఎండబెట్టి దాచుకోవడం మనకు కొత్త కాదు. గోరుచిక్కుడు వరుగులు, వంకాయ వరుగులు, మామిడి ఒరుగులు, మజ్జిగ మిరపకాయలు రాయలసీమలో ప్రతి ఇంటి మిద్దె మీదా ఎండినవే. బక్రీద్ తర్వాత మిగిలిన గోష్త్‌కు ఉప్పు, పసుపు పట్టించి దండేనికి వేలాడదీసి ఒట్టి తునకలు చేసుకోవడం మన దాదీలు, నానీలు ఫ్రిజ్ లేని రోజుల్లో చేసిన పనే. ఖజూర్, కిస్మిస్, అంజీర్, ఖుబానీ కా మీఠా చేసే ఖుబానీ, ఇవన్నీ ఎండిన పండ్లే.

వీటన్నిటి వెనక సూత్రం ఒకటే. బూజుకూ బ్యాక్టీరియాకూ బతకడానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లు తీసేస్తే పదార్థం చెడిపోదు. టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే. బెండకాయలో 90 శాతం, బీట్‌రూట్, క్యారెట్‌లలో 88 శాతం దాకా, ఆపిల్‌లో 86 శాతం, అరటిపండులో 75 శాతం నీళ్లుంటాయి. కిలో బెండకాయల్లో నీళ్లన్నీ పోతే మిగిలేది దాదాపు 100 గ్రాములు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే కిందివన్నీ సులువుగా అర్థమవుతాయి.

మరి వరుగు గట్టిగా, తోలులా ఎందుకుంటుంది, ఈ ప్యాకెట్ సరుకు పెళపెళలాడుతూ ఎందుకుంటుంది? తేడా అంతా నీళ్లు తీసే పద్ధతిలో ఉంది. షాపుల్లో దొరికేవి ముఖ్యంగా మూడు పద్ధతుల్లో తయారవుతాయి. ప్యాకెట్ ముందు భాగం ముగ్గురిదీ ఒకలాగే ఉంటుంది. లోపలి సరుకుకు మాత్రం చాలా తేడా.

ఒకటి: వ్యాక్యూమ్ ఫ్రైయింగ్

షాపుల్లో కనిపించే బెండకాయ, పనస, బీట్‌రూట్, చిలగడదుంప చిప్స్‌లో చాలావరకు ఈ రకానివే. పేరు ఏదైనా ఇది నూనెలో వేయించడమే. ఇంట్లో మనం బజ్జీలు వేసే నూనె 170, 180 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడికి బీట్‌రూట్, క్యారెట్ లాంటివి లోపల ఆరకముందే పైన మాడిపోతాయి. అందుకని ఫ్యాక్టరీలో మూతబిగించిన పాత్రలో గాలి లాగేసి, తక్కువ ఒత్తిడిలో వేయిస్తారు.

ఇది మన ప్రెషర్ కుక్కర్‌కు తిరగేసిన సూత్రం. కుక్కర్‌లో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. గాలి లాగేస్తే ఒత్తిడి తగ్గి నీళ్లు 50 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరైపోతాయి. అప్పుడు నూనెను 90 నుంచి 120 డిగ్రీల వేడిలో ఉంచితే సరిపోతుంది. రంగు పోదు, మాడదు. పిండి పదార్థం ఎక్కువ ఉన్నవాటిని బాగా వేడి మీద వేయిస్తే పుట్టే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా తక్కువగా తయారవుతుంది. వేయించాక బట్టలు పిండే మెషీన్‌లా గిరగిరా తిప్పి పైనున్న నూనెను వదిలిస్తారు.

ఇంత చేసినా లోపలికి ఇంకిన నూనె ఉండనే ఉంటుంది. ఈ రకాల్లో చాలావాటిలో 100 గ్రాములకు 20 నుంచి 30 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది. మామూలు ఆలూ చిప్స్‌లో దాదాపు 35 గ్రాములు. అంటే తగ్గింది, నిజమే. నూనె లేదనుకుంటే మాత్రం పొరపాటు. పైగా కరకర బాగా రావడానికి వేయించేముందు ముక్కల్ని మాల్టోస్ పాకంలోనో మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపిన నీళ్లలోనో నానబెట్టడం మామూలే. కొన్ని బీట్‌రూట్, పనస చిప్స్ ఉప్పుతో పాటు తియ్యగా తగలడానికి అది కూడా ఒక కారణం.

రెండు: ఫ్రీజ్ డ్రైయింగ్

స్ట్రాబెర్రీ, ఆపిల్, మామిడి ముక్కలు దూదిలా తేలిగ్గా, నాలుక మీద పెట్టగానే కరిగిపోయేలా ఉంటే అవి ఈ రకానివి. ముక్కల్ని ముందు మైనస్ 40 డిగ్రీల చుట్టుపక్కల గడ్డకట్టిస్తారు. తర్వాత గాలి లాగేసి కొద్దిగా వెచ్చదనం ఇస్తారు. లోపలి మంచు కరిగి నీళ్లు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. బట్టల పెట్టెలో వేసిన డాంబర్ గోళీ ఎక్కడా తడి చేయకుండా రోజురోజుకూ చిన్నదైపోతుంది చూడండి, అలాగే. మంచు ఉన్న చోటల్లా సన్నటి ఖాళీలు మిగులుతాయి. అందుకే ముక్క ఆకారం చెడదు, కరకరమంటుంది. నూనె అవసరం లేదు. వేడి తగలదు కాబట్టి సి విటమిన్ కూడా మిగతా పద్ధతులకంటే బాగా నిలుస్తుంది.

దీని ఇబ్బంది ఖర్చు. ఒక్కో విడతకు ఒక రోజు, ఒకటిన్నర రోజు కూడా పడుతుంది, కరెంటు బాగా కాలుతుంది. అందుకే 20 గ్రాముల చిన్న ప్యాకెట్ ధర చూసి ఉలిక్కిపడతాం.

మూడు: వేడిగాలిలో ఎండబెట్టడం

55 నుంచి 70 డిగ్రీల వేడిగాలిని గంటల తరబడి పంపి ఆరబెడతారు. మన మిద్దె మీద ఎండకు ఇది పెట్టెలో పెట్టిన రూపం. నూనె ఉండదు, ధర మధ్యస్థం. కాకపోతే నెమ్మదిగా ఆరేటప్పుడు ముక్క ముడుచుకుపోతుంది కాబట్టి పండ్లు సాగుతాయి, కూరగాయలు గట్టిపడతాయి. పలచగా తరిగిన ఆపిల్, బీట్‌రూట్ లాంటివే కొంచెం కరకరమంటాయి. పైనాపిల్, మామిడి లాంటివాటిని ముందుగా చక్కెర పాకంలో ఊరేసి ఎండబెట్టడం మామూలు. అవి నిజానికి పండు మిఠాయిలు.

తిని చూస్తే

రుచి ఎవరి నాలుక వాళ్లది. అయినా మాకు అనిపించింది చెబుతాం. అన్నింట్లో గెలిచింది బెండకాయ. జిగురు అసలు లేదు, గింజలు కూడా పెళపెళమంటాయి. పప్పన్నంలో నంజుకోవడానికి వడియాల్లా భలే కుదురుతుంది. పనస చిప్స్ కేరళ అరటి చిప్స్‌కు చుట్టమే, తియ్యటి వాసన ఎక్కువ. బీట్‌రూట్‌లో మట్టివాసన అలాగే ఉంది. అది నచ్చనివాళ్లకు మసాలా చల్లినా నచ్చదు. క్యారెట్ అందంగా ఉంది, రుచి చప్పన.

పండ్లలో ఫ్రీజ్ డ్రై చేసిన స్ట్రాబెర్రీ బాగా పుల్లగా తగిలింది. మామిడి బాగుంది. కానీ బనగానపల్లె మామిడి పుట్టిన జిల్లా మనది, 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మే నెలలో అసలు పండు దొరికే చోట ఈ ముక్కలకు మార్కులు వేయడం కష్టమే. అరటి అయితే రెండు రకాలుగా ఉంది. ఫ్రీజ్ డ్రై చేసినది మెత్తటి తీపి, నూనెలో వేయించింది మామూలు చిప్స్. మహానంది అరటి చేతికందే దూరంలో ఉన్నవాళ్లకు మొదటిది సరదాకే.

ఒక విషయం అన్నింటికీ సమానం. ప్యాకెట్ తెరిచాక తొందరగా మెత్తబడిపోతాయి. ఎండిన పదార్థం చుట్టూ ఉన్న గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో అయితే గంటల పనే. అందుకే ప్యాకెట్‌లో నైట్రోజన్ నింపుతారు. నూనె కంపు కొట్టకుండా, ముక్కలు నలిగిపోకుండా అది కాపాడుతుంది. తెరిచాక గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో పెట్టుకోండి. లోపల చిన్న పొట్లం ఉంటే అది తేమ పీల్చేది, తినేది కాదు. పసిపిల్లల చేతికి అందనివ్వకండి.

కూరకు బదులా?

కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలోక్యాలరీలు తినే మనిషి పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. 50 గ్రాముల బెండకాయ చిప్స్ ప్యాకెట్‌లో నూనె, మాల్టోడెక్స్‌ట్రిన్, మసాలా తీసేస్తే అసలు బెండకాయ ఏ 30 గ్రాములో ఉందనుకుందాం. అంటే 300 గ్రాముల పచ్చి బెండకాయ పీచు వచ్చినట్టే. ఇంతవరకూ బాగానే ఉంది. దాంతో పాటు కొవ్వు ఎంత వస్తుందో చూడండి. 100 గ్రాములకు 25 గ్రాముల కొవ్వున్న ప్యాకెట్ అయితే, సగం అంటే 12.5 గ్రాములు. దాదాపు మూడు టీస్పూన్ల నూనె. ఒక మనిషి రోజంతా వంటలో వాడాల్సిన నూనె 30 గ్రాములు దాటకూడదనుకుంటే అందులో 40 శాతానికి పైగా ఆ ఒక్క ప్యాకెట్‌లోనే అయిపోయింది.

కాబట్టి వీటిని చిప్స్‌తో పోల్చుకోవాలి, కూరతో కాదు. ఆలూ చిప్స్ బదులు తింటే కొంచెం మేలు. ఇంట్లో వండిన బెండకాయ కూర బదులు తింటే నష్టం. పిల్లాడు కూర తినకుండా ఇవి తిన్నాడని సంతోషపడితే, వాడికి అలవాటయ్యేది కూరగాయ రుచి కాదు, ఉప్పూ మసాలా రుచి.

షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త పడాల్సిన చోటు

అసలు భయం నూనె రకాల్లోకంటే, ‘నూనె లేదు, చక్కెర కలపలేదు’ అని రాసున్న పండ్ల ప్యాకెట్లలో ఉంది. ఆ మాట నిజమే కావచ్చు. పండులో పుట్టుకతో ఉన్న చక్కెర మాత్రం ఎక్కడికీ పోదు, నీళ్లే పోతాయి. తాజా ఆపిల్ 100 గ్రాముల్లో చక్కెర దాదాపు 10 గ్రాములు. పూర్తిగా ఎండిన ఆపిల్ 100 గ్రాముల్లో 70 గ్రాములు దాటుతుంది.

ఇంకోలా చెప్పాలంటే, 20 గ్రాముల ఎండు ఆపిల్ ముక్కలు 140 గ్రాముల తాజా పండుతో సమానం. అంటే ఒక ఆపిల్. ఒక ఆపిల్ కొరుక్కుని తినడానికి పది నిమిషాలు పడుతుంది, కడుపు నిండినట్టుంటుంది. ఈ 20 గ్రాములు రెండు నిమిషాల్లో, టీవీ చూస్తూ అయిపోతాయి. ఇంకో ప్యాకెట్ తెరవాలనిపిస్తుంది. అలా మూడు ప్యాకెట్లంటే మూడు ఆపిళ్లు. అబ్బాకు షుగర్ ఉంది, ‘పండే కదా’ అని ముందు పెట్టేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. తినాలనిపిస్తే పది గ్రాములు గిన్నెలో పోసుకుని, ప్యాకెట్ లోపల పెట్టేసి తినడం మేలు. గుప్పెడు పల్లీలో బాదమో కలుపుకుంటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

బీపీ ఉన్నవాళ్లు సోడియం చూడాలి. ప్యాకెట్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. రోజుకు గరిష్ఠం 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. కిడ్నీ జబ్బుండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఎండు అరటి, ఖుబానీ, టమాటా లాంటివి అడగకుండా తినకూడదు. నీళ్లు పోయాక పొటాషియం కూడా చిక్కబడుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు సల్ఫైట్ల కోసం చూడాలి. ఐఎన్ఎస్ 220 నుంచి 228 దాకా ఉన్న నంబర్లు అవే. ఎండు పండ్ల రంగు పోకుండా వాడతారు, కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, ఒంటరిగా వదిలి ఇవ్వొద్దు.

హలాల్ సంగతి

కూరగాయే కదా, ఇందులో హలాల్ ప్రశ్న ఎక్కడిది అనుకోవచ్చు. ఉప్పు, కారం మాత్రమే ఉన్న ప్యాకెట్‌కు నిజంగానే ప్రశ్న లేదు. ఫ్లేవర్లు, రంగులు, పైపూతలు చేరినప్పుడు చూడాల్సి వస్తుంది.

మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. జంతువుల జెలటిన్, పురుగుల నుంచి తీసే ఎర్రరంగు కార్మైన్, అంటే ఐఎన్ఎస్ 120, వాడితే పచ్చ చుక్క వేయకూడదు. ఐఎన్ఎస్ 471 మొక్కల నూనెతోనూ తయారవుతుంది, జంతువుల కొవ్వుతోనూ తయారవుతుంది. పచ్చ చుక్క ఉంటే అది మొక్కలది అనుకోవచ్చు. కాబట్టి పచ్చ చుక్క మనకు చాలావరకు పని సులువు చేస్తుంది.

అది చెప్పని విషయాలు రెండున్నాయి. మొదటిది షెల్లాక్, అంటే ఐఎన్ఎస్ 904. లక్క పురుగు నుంచి వచ్చే ఈ మెరుపు పూతకు పచ్చ చుక్క నిబంధనలో మినహాయింపు ఉంది. రెండోది ఫ్లేవర్లను కరిగించడానికి వాడే ఆల్కహాల్. చుక్క రంగుకూ దానికీ సంబంధం లేదు. ఈ రెండింటి మీదా ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. అది తేల్చడం రిపోర్టర్ పని కాదు. సందేహం ఉంటే ప్యాకెట్ వెనకవైపు ఫొటో తీసి మీ మసీదు ఇమామ్ సాబ్‌నో, మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌నో అడగండి. ఇంకా సులువైన దారి, ఫ్లేవర్ లేని మామూలు ఉప్పు రకం కొనడం.

సూట్‌కేసులో వచ్చిన విదేశీ ప్యాకెట్‌కు పచ్చ చుక్క ఉండదు. ఇక్కడి షాపుల్లో పద్ధతిగా దిగుమతి చేసి అమ్మేదానిపై ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, దిగుమతిదారు స్టిక్కర్ ఉంటాయి. అవి లేకపోతే హలాల్ ముద్ర ఉందో లేదో చూసి, చీజ్, బేకన్, బార్బెక్యూ ఫ్లేవర్లు రాసుంటే పదార్థాల జాబితా పూర్తిగా చదివాకే తెరవండి. చీజ్ పొడిలో వాడే రెన్నెట్ జంతువులది కూడా కావచ్చు.

ఇఫ్తార్‌లో, సహరీలో

రోజంతా నీళ్లు ముట్టని శరీరానికి మగ్రిబ్ వేళకు కావాల్సిన మొదటి వస్తువు నీళ్లు. ఈ ప్యాకెట్‌లోంచి తీసేసింది సరిగ్గా దాన్నే. పుచ్చకాయలో 92 శాతం, కీరదోసలో 95 శాతం నీళ్లుంటాయి. నంద్యాల ఎండలో, అదీ 44, 45 డిగ్రీలు చూసే ఊళ్లో, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఎండు స్ట్రాబెర్రీ కంటే రెండు పుచ్చకాయ ముక్కలే మేలు. ఖజూర్ ఎలాగూ ఉంటుంది, ఎండు పండు తీపి దాంతోనే సరిపోతుంది.

సమోసా, బజ్జీల బదులు ఒక గుప్పెడు బెండకాయ చిప్స్ పెట్టుకుంటే నూనె కొంత తగ్గిన మాట నిజం. తరావీహ్ తర్వాత చాయ్‌తో తింటే తప్పులేదు. సహరీలో మాత్రం వద్దు. ఉప్పటి చిప్స్ తిని రోజా ఉంటే జుహర్ కాకముందే నాలుక పిడచకట్టుకుపోతుంది.

డబ్బు లెక్క

బికాం చదివిన బుర్ర రేటు చూడకుండా ఊరుకోదు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఎంత పడుతుందో ‘యూనిట్ సేల్ ప్రైస్’ ముద్రించాలని తూనికలు, కొలతల నిబంధన ఉంది. ప్యాకెట్ సైజు చూసి మోసపోకుండా ఉండటానికి ఆ ఒక్క అంకె చాలు.

ఉదాహరణకు 50 గ్రాముల బెండకాయ చిప్స్ 100 రూపాయలు అనుకుందాం. గ్రాము 2 రూపాయలు, కిలో 2,000 రూపాయలు. అందులో ఉన్న బెండకాయ పచ్చిగా 300 గ్రాములు. సంతలో కిలో 40 రూపాయలుంటే అది 12 రూపాయల సరుకు. 20 గ్రాముల ఫ్రీజ్ డ్రై ఆపిల్ 120 రూపాయలు అనుకుంటే గ్రాము 6 రూపాయలు. కిలో 200 రూపాయల చొప్పున అదే ఆపిల్ తాజాగా 28 రూపాయలకు వస్తుంది. మిగతాదంతా మెషీన్, కరెంటు, ప్యాకింగ్, రవాణా, కమీషన్, ప్రకటనల ఖర్చు, లాభం. నమ్‌కీన్ రకాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి పన్ను భారం ఇప్పుడు చిన్నదే.

నెలకు ఒకసారి సరదాగా కొంటే ఇల్లు మునగదు. వారానికి మూడు ప్యాకెట్లు అలవాటైతే నెలకు 1,200 రూపాయలు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బుతో నెలంతా కాలానికి తగ్గ పండ్లు తెచ్చుకోవచ్చు.

మన ఎండ ఉచితం

పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయినప్పుడల్లా రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోయడం చూస్తూనే ఉన్నాం. అవే టమాటాలు ఎండితే ఏడాది నిలుస్తాయి. కర్నూలు దగ్గర తడకనపల్లెలో స్వయం సహాయక సంఘాల మహిళలు సోలార్ డ్రయర్లు పెట్టుకుని ఉల్లి, టమాటా ఎండబెట్టే పని ఇళ్ల దగ్గరే మొదలుపెట్టారు. సోలార్ డ్రయర్ అంటే పెద్ద విద్య కాదు. గాజు లేదా ప్లాస్టిక్ కప్పుతో ఎండ వేడిని లోపల బంధించి, గాలి ఆడేలా చేసిన పెట్టె. దుమ్ము, ఈగలు చేరవు, మిద్దె మీదకంటే తొందరగా ఆరుతుంది.

నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఇంటిపట్టున ఉండి ఏదైనా చేయాలనుకునే మన ఆడవాళ్లకు ఇది ఆలోచించదగ్గ పని. కేంద్రం 2020లో తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో యూనిట్ ఖర్చుకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ, స్వయం సహాయక సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం అని నిబంధనల్లో ఉంది. ఆ 35 శాతం సబ్సిడీ బ్యాంకు అప్పుతో ముడిపడినది, వడ్డీ వద్దనుకునే కుటుంబాలు అది గమనించాలి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది వెలుగు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అమ్మడానికి కాకపోయినా ఇంటికోసం చేసుకోవచ్చు. బెండకాయల్ని కడిగి, తడి లేకుండా తుడిచి, పలచగా చక్రాల్లా తరగండి. కాకరకాయ, వంకాయ కూడా ఇలాగే. ఉప్పు, పసుపు పట్టించి, పలచటి బట్ట కప్పి మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టండి, రాత్రుళ్లు లోపలికి తెచ్చుకోండి. విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా ఆరలేదని గుర్తు. తర్వాత నూనెలో ముంచి వేయిస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఒక స్పూన్ నూనె పట్టించి పెనం మీద సన్న సెగన వేయించండి, ఎయిర్ ఫ్రైయర్ ఉంటే ఇంకా మంచిది. ఎక్కడైనా బూజు కనిపిస్తే పైపైన తుడిచి వాడకండి, మొత్తం పారేయండి. బూజు వదిలే విషం వేయించినా పోదు.

కొనేముందు ఐదు చూపులు

ఒకటి, పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడింట్లో నూనె, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది చిప్స్ అని లెక్క. ఒక్క పదార్థమే ఉంటే అది నిజంగా ఎండు పండు.

రెండు, 100 గ్రాములకు కొవ్వు, చక్కెర, సోడియం. ‘ఒక సర్వింగ్’కు రాసిన అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి, వాటిని చూసి మోసపోకండి.

మూడు, పచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు.

నాలుగు, గ్రాము ధర.

ఐదు, తయారీ తేదీ. నూనె ఉన్న రకాలు గడువు దగ్గర పడేకొద్దీ కమురు వాసన వేస్తాయి. మన ఊరి ఎండలో షట్టర్ పక్కన వేలాడిన ప్యాకెట్ అయితే గడువు లోపే వేస్తుంది. లోపలి అరలోది అడిగి తీసుకోండి.